ఇల్లు విడువని సంస్కర్త

ఏ మతసంస్థ అయినా కొన్ని తరాలు గడిచేసరికి పాతబడుతుంది. ఆదిలో ఉన్న విశ్వాసోత్సాహం చల్లారి ఆచారం మిగులుతుంది. అధికారం పెరిగినకొద్దీ ఆత్మీయత తరుగుతుంది. అటువంటి వేళ మూలవిశ్వాసంపై నిష్ఠగలవారికి ఒక ధర్మసంకటం తప్పదు. సంస్థను విడిచి, తమవంటివారితో ఒక చిన్న సంఘం కట్టుకొనవలెనా? లోపలనే నిలిచి దానిని బాగుచేయవలెనా? ప్రొటెస్టెంటు మతం పుట్టినదే ఇటువంటి సంకటం నుండి. అందుచేత ఆ మతంలో ప్రతి తరంలోనూ ఈ ప్రశ్న తిరిగి తలయెత్తుతూ వచ్చినది. తెలుగునాట ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా ఇచ్చినవారు దోర్నకల్లు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన పుట్టుకచేత తమిళులు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై గ్రామంలో జన్మించినారు. తండ్రి తామస్ వేదనాయకంగారు ఆంగ్లికన్ సంఘంలో గ్రామ గురువు. ఆ దంపతులు, బైబిలులోని హన్నా వలె ప్రార్థించి కన్న బిడ్డకు శామ్యూల్ అని పేరుపెట్టుకొన్నారు. బాలుడికి పదునైదేండ్లు నిండకముందే తండ్రి గతించినారు. తల్లి పెంపకంలో దైవభక్తి, కష్టసహిష్ణుత ఆయనకు చిన్ననాటనే అలవడినవి.

సంఘాన్ని విడిచివెళ్ళడం అనేది ఆ సీమలో కొత్త సంగతి కాదు. అజరయ్యగారు పుట్టకముందే, 1857లో, నజరేతు సమీపంలోని ప్రకాశపురంలో అరుమైనాయకం అనే విద్వాంసుడు మిషనరీల పెత్తనాన్ని సహించలేక తనవారితో వేరుపడి, హిందూ క్రైస్తవ సంఘమొకటి స్థాపించినాడు. సట్టంపిళ్ళై అనే పేరుతో ఆయన ప్రసిద్ధుడు. ఐరోపావారి పద్ధతులను ఆ సంఘం త్యజించినది. విశ్రాంతి దినాన్ని శనివారంనాడు పాటించినది. 1886లో మద్రాసులో పల్నీ ఆండీ అనే వైద్యుడు జాతీయ సంఘమొకటి ఆరంభించినారు. ఈ రెండు ప్రయత్నాలలోనూ ఆత్మగౌరవం ఉన్నది, ఆవేదన ఉన్నది. కాని మొదటిది ఒక ప్రాంతానికి, ఒక కులానికి పరిమితమైనది. రెండవది పట్టణంలోని విద్యావంతులను దాటి ఎక్కువ దూరం పోలేదు. వేరుపడడంలోని ధైర్యాన్నీ దాని పరిమితినీ కూడ తెలియజెప్పే ఉదాహరణలు ఈ విధంగా అజరయ్యగారి ముంగిటనే ఉన్నవి.

ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం అభ్యసించినారు. అనారోగ్యంవల్ల పట్టపరీక్ష పూర్తిచేయలేకపోయినారు. 1895 మొదలు పదునాలుగేండ్లు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా సంచరించినారు. ఆ సంచారంలో ఆయనకు రెండు విషయాలు స్పష్టమైనవి. భారతీయ క్రైస్తవుడు పరుల ధనంపై ఆధారపడి బ్రతుకుతున్నాడు. పరులు తెచ్చిన శాఖాభేదాలను తనవిగా మోస్తున్నాడు. 1902లో యాఴ్పాణం వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు స్వంత ఖర్చుతో సువార్తసేవ జరుపుకొనడం చూచినారు. మరుసటి ఏడే తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినది. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరామపురంలో, విలియం కేరీ పేరుతో ప్రసిద్ధమైన గ్రంథాలయంలో, నేషనల్ మిషనరీ సొసైటీ వెలసినది. మనుషులు, ధనం, నిర్వహణ—మూడూ భారతీయులవే కావలెనని దాని నియమం. కొత్తశాఖ స్థాపించరాదని, ఎక్కడ ఉన్న సంఘంలో అక్కడనే పనిచేయవలెనని మరొక నియమం. అజరయ్యగారి మార్గమంతా ఈ రెండు నియమాలలో ఇమిడి ఉన్నదనవచ్చును.

ఇతరులను పంపి తాను పట్నంలో కూర్చొనడం ఆయనకు నచ్చలేదు. 1909లో గురుపట్టం పొంది, నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు కుటుంబంతో వచ్చినారు. అది ఆనాడు అడవులనడుమ ఉన్న చిన్న రైలుకూడలి. భాష కొత్తది, ప్రజలు కొత్తవారు. ముప్పది అయిదేండ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, ఆ భాషలోనే బోధించగలవారైనారు. మరుసటి సంవత్సరం ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. అక్కడ ఈ తమిళ గురువు లేచి, మిషనరీల త్యాగాన్ని కృతజ్ఞతతో పేర్కొని, భారతీయులను వారు సమానులుగా చూడడంలేదన్న మాట మొగమాటం లేకుండ చెప్పినారు. ఉపకారంతో తృప్తిపడక, స్నేహం కావలెనని కోరినారు. సభలో కొందరికి కోపం వచ్చినది. అంతటి మాట అన్నవాడు మరునాడు వేరుసంఘం పెట్టి ఉంటే ఎవరూ ఆశ్చర్యపడి ఉండరు. ఆయన తిరిగివచ్చి దోర్నకల్లులో తన పనిలో పడినారు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ దేవాలయంలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగినది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారి పట్టుదల లేకపోతే అది జరిగేది కాదు. ఒక భారతీయుని ఆజ్ఞకు ఐరోపావారు లోబడతారా అని కొందరు దొరలు సందేహించినారు. తిరునల్వేలి క్రైస్తవులలోనే కులస్పర్ధవల్ల అభ్యంతరాలు బయలుదేరినవి. ఆయనకు మొదట అప్పగించిన అధ్యక్షమండలం చాల చిన్నది. 1920 దశకం ఆరంభంలో కృష్ణా గోదావరీ మండలాలలోని పాత మిషను సంఘాలు కూడ ఆయన పాలనలోకి వచ్చినవి. బందరులో 1841 నుండి పాతుకొన్న మిషనుకు చెందిన దొరలు భారతీయ బిషప్పు కింద పనిచేయవలసి వచ్చినది; పనిచేసినారు కూడ. 1930 దశకంనాటికి ఆయన మండలంలోని విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెల కూలిజనం.

లోపల నిలిచి సంస్కరించడమంటే ఏమిటో ఈ పల్లెలలో చూడవలెను. పట్టణంలో చదివి ఆంగ్లవేషం ధరించిన గురువుకు బదులు, పల్లెలోనే పుట్టి పల్లెభాష మాట్లాడే గురువులను ఆయన తయారుచేసినారు. దోర్నకల్లు వేదాంత పాఠశాలలో గురువులతోబాటు వారి భార్యలకు కూడ శిక్షణ లభించేది. తిండికి చాలని ఇంటిలో కూడ, ఎసటిలో బియ్యం పోసేముందు ఒక పిడికెడు సంఘానికని వేరుగా తీసిపెట్టే అలవాటును ప్రోత్సహించినారు. ఇచ్చే చేయి తలవంచదు. సంఘం తనదన్న అభిమానం ఇచ్చినవానికే కలుగుతుంది. మాలలు మాదిగలు ఒకే పాత్రలోనిది త్రాగి, ఒకే పంక్తిలో ప్రభుభోజనం తీసుకొనవలెనన్న విషయంలో ఆయన మెత్తబడలేదు. ఈ పట్టుదల పూర్తిగా ఫలించినదని చెప్పలేము. బాప్తిస్మం పొందినంతమాత్రాన కులం కడిగివేయబడదని ఆయన అనుభవంలో తెలుసుకొన్నారు. తెలుగు కీర్తనలు, భజనలు, పంటల పండుగలు ఆరాధనలో చోటుచేసుకొన్నవి. ఏండ్లతరబడి కట్టి 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠించిన దోర్నకల్లు దేవాలయంలో గుడిమండపపు స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు కలిసి కనిపిస్తవి. ఆంగ్లికన్ ప్రార్థనక్రమం మారలేదు. దానికి నీడనిచ్చే ఇల్లు మాత్రం ఈ దేశపు ఇల్లయినది.

రాజకీయాలలో కూడ ఆయనది ఇదే బుద్ధి. 1932 నాటి మతవారీ తీర్పులో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించినప్పుడు, తన మతంవారికి లాభించే ఆ ఏర్పాటును ఆయన వ్యతిరేకించినారు. క్రైస్తవులు దేశజనంతో కలిసి ఉండవలెనేకాని గోడకట్టుకొనరాదని ఆయన అభిప్రాయం. ఆంధ్రదేశంలోని సామూహిక మతాంతరాల విషయమై 1930 దశకంలో గాంధీగారికీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చినది. గాంధీగారి ఆక్షేపణకు జంకి ఆయన సువార్తసేవ మానలేదు. విశ్వాసం విషయంలో ఆయన సడలింపు ఎరుగనివారు.

ఆయన జీవితంలోని పెద్దపని సంఘైక్యం. 1919 మే మొదటి రెండు దినాలలో తరంగంబాడిలో కొందరు గురువులు సమావేశమైనారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. ఆంగ్లికనులు, 1908లోనే ఏకమైన ప్రెస్బిటీరియను కాంగ్రిగేషనలు సంఘాలవారు ఒక్క సంఘం కావలెనని అక్కడ ప్రకటించినారు. 1925లో వెస్లియన్ మెథడిస్టులు కూడ చర్చలలో చేరినారు. పడమటి దేశపు పాతతగవులు భారతీయుల నెత్తిన ఎందుకన్నది వారి ప్రశ్న. 1927లో లోజాన్ మహాసభలో, సంఘభేదాలు ఈ దేశంలో సువార్తకే కళంకమని అజరయ్యగారు గట్టిగా వాదించినారు. అయినా ఐక్యంకోసం ఆయన మూలాన్ని వదలుకొనలేదు. పరిశుద్ధ గ్రంథం, ప్రాచీన విశ్వాస ప్రమాణాలు, రెండు సంస్కారాలు, బిషప్పుల పరంపర—ఈ నాలుగు పునాదులు నిలవవలెనన్నారు. వీటిలో చివరిదానికై మెథడిస్టులు మొదలైనవారు సందేహించినారు. దానిని పలుచన చేస్తున్నారని ఇంగ్లండులోని సనాతన ఆంగ్లికనులు కోపించినారు. ఇరువైపుల నిందలు భరిస్తూ పాతికేండ్లు చర్చల బల్లవద్ద ఓపికతో కూర్చొనడం, ఆవేశంతో ఒకనాడు లేచిపోవడంకన్న కష్టమైన పని.

ఫలం చూడకుండనే, 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులో ఆయన కన్నుమూసినారు. ఆ సంవత్సరారంభంలోనే ఆంగ్లికన్ మహాసభ ఐక్యప్రణాళికను ఆమోదించినది. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెయింట్ జార్జి దేవాలయంలో దక్షిణ ఇండియా సంఘం అవతరించినది. అందులో చేరినవారు సుమారు పదిలక్షలు. బాన్సువాడ ఉన్న నిజామాబాదు సీమలోను, మెదకు సీమలోను మంజీరకు ఇరుదరుల ఉన్న క్రైస్తవులు అంతవరకు వెస్లియన్ మెథడిస్టులు. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ జరిగిన మెదకు దేవాలయం వారిదే. ఆనాటినుండి దోర్నకల్లు మాలపల్లెలోని ఆంగ్లికనూ, మంజీర తీరపు మెథడిస్టూ ఒకే సంఘ సభ్యులైనారు. ఇద్దరికీ భాష ఒకటే, పేదరికం ఒకటే. వారి నడుమ గోడ మాత్రం ఇంగ్లండులో కట్టినది.

అందరూ ఈ మార్గం పట్టలేదు. నెల్లూరు ఒంగోలు బాప్తిస్టులు, గుంటూరు లూథరనులు బయటనే ఉండిపోయినారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు అనేకులు తమ పాతక్రమం చెడుతుందని వెరచి 1947 తరువాత వేరుగా నిలిచి, 1975లో ఐక్యసంఘంలో కలిసినారు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్‌గారు మొదట మిషను సంఘాలలోనే బోధిస్తూ వచ్చి, 1941లో మద్రాసులో స్వతంత్ర సహవాసం ఆరంభించినారు. తరువాత హైదరాబాదు హెబ్రోను ఆయన సేవకు కేంద్రమైనది. శాఖలపేర్లు, బిషప్పుల హోదాలు లేని ఆ సహవాసాలలో ఆరిపోయిన విశ్వాసం తిరిగి రగిలించుకొన్న తెలుగు కుటుంబాలు వేలున్నవి. వారి చిత్తశుద్ధిని శంకించడానికి వీలులేదు.

అయితే పునరుజ్జీవనంకోసం విడిపోయినవారికి కూడ రెండు తరాలు గడిచేసరికి భవనాలు, పదవులు, వారసత్వపు తగవులు ఎదురుకాక తప్పవు. లోపల నిలిచినవారి చరిత్ర కూడ మచ్చలేనిది కాదు. అజరయ్యగారు కలగన్న ఐక్యసంఘంలో ఎన్నికల పోటీలు, ఆస్తి వ్యాజ్యాలు, కులంలెక్కలు ప్రవేశించినవి. ఐక్యం సంఘాన్ని విశాలం చేసినది. పరిశుద్ధం చేసే పనిని ప్రతి తరానికీ మిగిల్చినది.

అజరయ్యగారి జీవితం లోపల ఉన్నవారినందరినీ సమర్థించదు. సుఖంకోసం, జీతంకోసం, అలవాటుకొద్దీ సంస్థలో ఉండిపోవడం ఒకటి. తప్పును ఎదుటనే చెప్పి, దానిని దిద్దే భారం తన నెత్తిన వేసుకొని ఉండడం మరొకటి. ఎడింబరోలో ఆయన నిష్ఠురమాడినారు. ఆ తరువాత ముప్పది నాలుగేండ్లు దోర్నకల్లు పల్లెలలో పనిచేసినారు. ఆ నిష్ఠురానికి అధికారం ఇచ్చినది ఈ సేవయే. ఉండవలెనా, పోవలెనా అని తర్కించే విశ్వాసులు, ఉండి ఏమిచేస్తాము అన్న ప్రశ్నను ముందుగా వేసుకొనవలెనని ఆయన చరిత్ర చెబుతున్నది.