వాట్స్ హంఫ్రీ

వాట్స్ ఎస్. హంఫ్రీ (జూలై 4, 1927 - అక్టోబరు 28, 2010) అమెరికాకు చెందిన సాఫ్టువేరు ఇంజనీరు, రచయిత. సైనిక విమానాలకు, ఇతర రక్షణ వ్యవస్థలకు కావలసిన సాఫ్టువేరును సకాలంలో తయారుచేయగల శక్తి ఒక కాంట్రాక్టరుకు ఉన్నదో లేదో ఒప్పందానికి ముందే అంచనా వేసే పద్ధతిని రూపొందించినవారిలో ఈయన ప్రముఖుడు. ఆ పద్ధతి నుండే సామర్థ్య పరిపక్వతా నమూనా (సీఎంఎం) పుట్టినది. భారతీయ సాఫ్టువేరు సంస్థలు చెప్పుకొన్న ఐదవ స్థాయి గుర్తింపునకు మూలం ఇదే.

బాల్యం, విద్య

హంఫ్రీ మిచిగాన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ పట్టణంలో జన్మించాడు. అక్షరాలను పోల్చుకోవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా వలన ఈయనకు చిన్ననాట చదువు కష్టమైనది. 1944లో పాఠశాల విద్య ముగించి నౌకాదళంలో పనిచేశాడు. తరువాత షికాగో విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో పట్టము, ఇల్లినాయ్ సాంకేతిక సంస్థ నుండి అదే శాస్త్రంలో స్నాతకోత్తర పట్టము, తిరిగి షికాగో నుండి వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర పట్టము పొందాడు.

ఉద్యోగ జీవితం

1953లో బోస్టన్‌లోని సిల్వేనియా సంస్థలోను, 1959లో ఐబీఎంలోను చేరాడు. 1960లలో ఐబీఎం ప్రోగ్రామింగు విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పుడు ఈయన క్రింద 7 దేశాలలోని 15 ప్రయోగశాలలలో సుమారు 4,000 మంది ఉండేవారు. ప్రణాళిక లేకుండానే విడుదల తేదీలు ప్రకటించడం, ఆ తేదీలు తప్పడం అక్కడ మామూలైపోయినది. ప్రణాళిక వ్రాయనిదే ఏ ప్రోగ్రామునూ ప్రకటించరాదని హంఫ్రీ నియమం పెట్టాడు. దానితో గడువులు నిలబడటం మొదలైనది. 1960ల చివర ఐబీఎం తొలి సాఫ్టువేరు లైసెన్సును ప్రవేశపెట్టిన బృందానికి కూడా ఈయనే నాయకుడు. 1986లో ఆ సంస్థ నుండి విరమించాడు.

వాయుసేన అడిగిన ప్రశ్న

ఆనాటికి విమానాలలో సాఫ్టువేరు పాత్ర ఎంతో పెరిగినది. 1960 నాటి ఎఫ్-4 విమానంలో సుమారు 8 శాతం పనులు మాత్రమే సాఫ్టువేరుపై ఆధారపడగా, 1982 నాటి ఎఫ్-16లో అవి 45 శాతానికి చేరాయని అంచనా. తక్కువ ధర చెప్పినవారికి పని అప్పగిస్తే సాఫ్టువేరు ఆలస్యమై విమానమే నిలిచిపోయే ప్రమాదం ఏర్పడినది. రెక్కనో ఇంజనునో పరీక్షించినట్లు, ఇంకా వ్రాయని సాఫ్టువేరును పరీక్షించడం సాధ్యం కాదు.

అమెరికా రక్షణశాఖ 1984లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్టువేరు ఇంజనీరింగు సంస్థను నెలకొల్పినది. 1986లో అందులో చేరిన హంఫ్రీకి, వాయుసేన కోరికపై, కాంట్రాక్టర్లను అంచనా వేసే పని అప్పగించబడినది. మైటర్ సంస్థ సహకారంతో తయారైన నివేదిక 1987లో వెలువడినది. అందులో అవును, కాదు అనే సమాధానాలు గల వందకు పైగా ప్రశ్నలున్నాయి. సాఫ్టువేరు పరిమాణాన్ని అంచనా వేసే పద్ధతి ఉన్నదా, దొరికిన తప్పుల లెక్క వ్రాస్తున్నారా వంటివి వాటిలో కొన్ని. పరిశీలకులు స్వయంగా సంస్థకు వెళ్లి, ఇంజనీర్లతో మాట్లాడి, కాగితాలు చూసి జవాబులను సరిచూడాలి.

ఐదు స్థాయిలు

మొదటి స్థాయిలో పని వ్యక్తుల నేర్పుపైనే నడుస్తుంది. రెండవ స్థాయిలో ప్రణాళిక, గడువు, మార్పులపై అదుపు ఉండి, ఒకసారి సాధించినది మరల సాధించగలరు. మూడవ స్థాయిలో సంస్థ అంతటికీ ఒకే లిఖిత విధానం ఉంటుంది. నాలుగవ స్థాయిలో పనిని అంకెలతో కొలుస్తారు. ఐదవ స్థాయిలో ఆ కొలతల ఆధారంగా విధానాన్నే నిరంతరం మెరుగుపరుస్తారు. 1989లో వెలువడిన ఈయన గ్రంథం మేనేజింగ్ ది సాఫ్టువేర్ ప్రాసెస్ ఈ విషయాలను వివరించినది. సీఎంఎం తొలి రూపం 1991లో వచ్చినది. అత్యంత భారీ రక్షణ కొనుగోళ్లకు మూడవ స్థాయి లేదా దానికి సమానమైన అర్హత ఉండాలని 1999లో అమెరికా రక్షణశాఖ ఆదేశించినది.

విమర్శ

ఈ ప్రశ్నలకు రెండు ఉపయోగాలు కలవు. ఒకటి సంస్థ తన లోపాలను తాను తెలుసుకోవడం, రెండవది కొనుగోలుదారు సంస్థను ఎంచుకోవడం. మొదటిదానిలో లోపం ఒప్పుకుంటే మేలు, రెండవదానిలో ఒప్పుకుంటే నష్టం. 1991లో టెర్రీ బోలింజర్, క్లెమెంట్ మెక్‌గోవన్ ఐఇఇఇ సాఫ్టువేర్ పత్రికలో ఈ మదింపును విమర్శించారు. కొద్ది ప్రశ్నల జవాబులతో సంస్థ భవితవ్యం తేల్చరాదన్నది వారి వాదన. హంఫ్రీ, బిల్ కర్టిస్ దానికి సమాధానం వ్రాశారు.

సంస్థ స్థాయి ఒక్కటే చాలదని హంఫ్రీ కూడా గ్రహించాడు. ఒక్కొక్క ఇంజనీరు తన కాలాన్ని, తప్పులను తానే లెక్క వ్రాసుకొనే వ్యక్తిగత పద్ధతిని (పీఎస్‌పీ) రూపొందించాడు. ముందుగా తానే అనేక చిన్న ప్రోగ్రాములు వ్రాసి దానిని పరీక్షించుకున్నాడు. 1995లో దానిపై గ్రంథం వెలువరించాడు. తరువాత బృందాల కొరకు టీఎస్‌పీ పద్ధతిని రూపొందించాడు.

భారతదేశంలో ప్రభావం

రక్షణ కొనుగోళ్ల కొరకు పుట్టిన ఈ కొలమానం భారతదేశంలో విదేశీ వ్యాపారానికి అర్హతాపత్రమైనది. బెంగుళూరులోని మోటరోలా విభాగం 1990ల తొలి సగంలోనే ఐదవ స్థాయి పొందినది. సికింద్రాబాదు సర్దార్ పటేల్ రోడ్డులో కార్యాలయం గల సత్యం కంప్యూటర్స్ 1999లో ఆ స్థాయికి చేరినది. 2009లో అదే సంస్థలో లెక్కల మోసం బయటపడినది. సాఫ్టువేరు తయారీ విధానాన్ని కొలిచే ఈ స్థాయి సంస్థ ఆర్థిక నిజాయితీని కొలవదు. 2000లో చెన్నైలో ఒక సాఫ్టువేరు నాణ్యతా సంస్థకు హంఫ్రీ పేరు పెట్టారు.

పురస్కారాలు, మరణం

2003 సంవత్సరపు అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని 2005లో అందుకున్నాడు. ఫ్లోరిడాలోని సారసోటాలో 2010 అక్టోబరు 28న మరణించాడు. సీఎంఎం స్థానంలో వచ్చిన సీఎంఎంఐ నమూనా 2016 నుండి ఐసాకా సంస్థ అధీనంలో ఉన్నది.