దామెర్ల రామారావు: గోదావరి గట్టున బొమ్మలబడి పెట్టిన మనిషి

పిల్లలూ, ఈసారి మీకు ఒక చిత్రకారుడి గురించి చెబుతాం. ఆయన పేరు దామెర్ల రామారావు. బతికింది 28 ఏళ్లు కూడా నిండలేదు. అయినా తెలుగువాళ్ల చిత్రకళ గురించి ఎవరు మాట్లాడినా ఆయన పేరు ముందు వస్తుంది. ఎందుకో చదవండి. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది.

రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో పుట్టారు. మనం రాజమండ్రి అంటామే, ఆ ఊరే. ఊరి పక్కనే గోదావరి. ఎగువన తూర్పు కనుమల కొండల మధ్య నుంచి వచ్చే నది ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి చాలా వెడల్పవుతుంది. ఇంత అందం రోజూ కళ్లముందు ఉంటే ఏ పిల్లవాడికైనా గీయాలనిపించదా? రామారావుకి చిన్నప్పుడే బొమ్మల పిచ్చి పట్టుకుంది.

అప్పుడు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్. ఆయన కూడా నీటిరంగులతో బొమ్మలు వేసేవారు, మన గుడులన్నా, శిల్పాలన్నా ఆయనకి చాలా ఇష్టం. రామారావు చేతిలో పనితనం ఉందని గుర్తించి, ప్రోత్సహించి, 1916లో బొంబాయిలోని జె.జె. కళాశాలకి వెళ్లేలా చేశారు. ఆయన దగ్గరే ఎదిగిన ఇంకొకరు అడివి బాపిరాజు. 'నారాయణరావు' నవల రాసిన బాపిరాజు గారే. ఆయన కూడా బొమ్మలు వేసేవారు, రామారావుకి స్నేహితులు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. వందేళ్ల కిందట ఒక పిల్లవాడిని బొమ్మలు నేర్చుకోవడానికి అంత దూరం పంపాలంటే ఇంట్లో ఎంత ధైర్యం కావాలి? అదీ తెలుగు వినిపించని ఊరికి! మన పిల్లలు బొమ్మలు గీస్తుంటే మనం ఈరోజుకీ లెక్కలు చేసుకోమనే కదా అంటాం.

బొంబాయిలో ఆ రోజుల్లో పాశ్చాత్య పద్ధతి నేర్పేవారు. మనిషిని ఎదురుగా నిలబెట్టి చూసి గీయడం, వెలుగునీడలు పట్టుకోవడం, దూరాన్నీ దగ్గరనీ కాగితం మీద చూపించడం. రామారావు ఇవన్నీ బాగా నేర్చుకున్నారు. మరోవైపు అజంతా గోడల మీద మన పూర్వీకులు గీసిన గీత ఆయన్ని కట్టిపడేసింది. ఈ రెండూ కలిపి ఆయన తన దారి వేసుకున్నారు. ఆయన బొమ్మల్లో మనుషులు నిజంగా మన చుట్టూ ఉన్నవాళ్లలాగే ఉంటారు, గీత మాత్రం అజంతాని గుర్తుచేస్తుంది. పురాణ కథ తీసుకుని వేసిన 'ఋష్యశృంగ బంధనం'కి కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి వచ్చింది. కాఠియావాడ్ పాలమ్మే ఆడవాళ్లనీ వేశారు, సొంత ఊరి గోదావరినీ, కొండల్నీ వేశారు.

1920 నాటికి చదువు అయిపోయింది. కావాలంటే బొంబాయిలోనే ఉండిపోవచ్చు. రామారావు మాత్రం రాజమండ్రికి తిరిగొచ్చి, స్నేహితులతో కలిసి చిత్రకళాశాల పెట్టారు. తను నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లాల్సి వచ్చింది, తర్వాతి పిల్లలకి మాత్రం ఊళ్లోనే ఆ విద్య దొరికింది. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. ఆ కాలంలో ఆడవాళ్లు కుంచె పట్టుకోవడం చిన్న విషయం కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇంకొక్క నెల ఉంటే 28 నిండేవి. ఈరోజు మశూచి అంటే పిల్లలకి తెలియదు, టీకాలతో అది లోకంలోనే లేకుండా పోయింది. అప్పుడు మాత్రం ఊళ్లకి ఊళ్లనే వణికించేది.

గురువు పోతే బడి మూతపడాలి. అలా జరగలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ చిత్రకళాశాలని భుజాన వేసుకుని నడిపారు. కొత్త పిల్లలు వచ్చారు, నేర్చుకున్నారు. రామారావు బొమ్మల్ని జాగ్రత్తగా దాచారు. అందుకే రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఆయన బొమ్మల్ని మనం ఇప్పటికీ చూడగలుగుతున్నాం. అటువైపు వెళ్తే తప్పకుండా చూసి రండి.

అంత దూరం ఇప్పుడే కుదరకపోతే, మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లండి. కబ్బన్ పార్కు పక్కన వెంకటప్ప చిత్రశాల ఉంది. కె. వెంకటప్ప కూడా ఇంచుమించు రామారావు కాలం వారే. ఊటీ కొండల్ని నీటిరంగుల్లో వేసిన పేరున్న చిత్రకారుడు. బొమ్మలే చదువుగా చదవాలనుకునే పిల్లలకి అదే బెంగళూరులో చిత్రకళా పరిషత్తు కళాశాల ఉంది. బొంబాయి దాకా పోవాల్సిన పని లేదు.

ఇక గోదావరి మన దగ్గర లేదు, నిజమే. మనకి సైనైడ్ దిబ్బలున్నాయి. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఇంకో రంగు. గనులు 2001లో మూసేశాక మిగిలిన షాఫ్టు గోపురాలున్నాయి, పాత లైన్ ఇళ్లున్నాయి. వాటిని గని మనుషుల పిల్లలు గీయకపోతే ఎవరు గీస్తారు? ఒక పెన్సిలు, వెనకవైపు ఖాళీగా ఉన్న పాత కాగితాలు చాలు. అమ్మానాన్నలారా, పిల్లలు గీస్తూ కూర్చుంటే ఒక అరగంట వాళ్లని వదిలేయండి. గీసింది ఏమిటో అడిగి, పేరూ తేదీ రాయించి దాచిపెట్టండి.