మఠం విడిచి ఇల్లు కట్టుకున్న లూథర్

మన సంఘాల్లో పెళ్లి ఆరాధన జరిగిందంటే ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తప్పక వినిపిస్తుంది. భార్యాభర్తల బంధాన్ని క్రీస్తుకూ సంఘానికీ ఉన్న బంధంతో పోల్చిన పౌలు, అక్కడ ‘మర్మము’ అనే మాట వాడాడు (ఎఫెసీ 5:32). ఆ మాట అర్థాన్ని వాక్యంలో వెదికి, ఆ తర్వాత వివాహ జీవితాన్ని తన ఇంట్లోనే ఆచరించి చూపిన దైవజనుడు మార్టిన్ లూథర్.

లూథర్ 1483 నవంబర్ 10న జర్మనీలోని ఐస్లెబెన్‌లో పుట్టాడు. కొడుకును న్యాయవాదిని చేయాలని తండ్రి హాన్స్ ఆశపడ్డాడు. అయితే 1505 జూలైలో ప్రయాణంలో ఉండగా దగ్గర్లోనే పిడుగు పడటంతో హడలిపోయిన లూథర్, బతికితే సన్యాసినవుతానని మొక్కుకున్నాడు. అన్నమాట ప్రకారమే ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. పెళ్లి మానుకుని మఠంలో ఉండేవారే దేవునికి మరింత దగ్గరివారని, సంసారులది రెండో తరగతి భక్తి అని ఆనాడు అందరూ నమ్మేవారు. లూథర్ కూడా ఉపవాసాలతో, జాగరణలతో శరీరాన్ని నలగ్గొట్టుకున్నాడు. శాంతి మాత్రం దొరకలేదు. నీతి మనం సంపాదించుకునేది కాదు, విశ్వసించేవారికి దేవుడు కృపతో ఇచ్చేదని రోమా పత్రికలో గ్రహించాకే ఆయన గుండె తేలికపడింది.

ఆ వెలుగులోనే ఆయన వివాహాన్నీ చూశాడు. పౌలు రాసిన గ్రీకు మాట ‘ముస్తేరియోన్’. మరుగై ఉండి, దేవుడు బయలుపరచిన సంగతి అని దాని భావం. లాటిన్ బైబిల్లో ఆ చోట ‘సాక్రమెంటుమ్’ అని ఉంది. వివాహాన్ని ఏడు సంస్కారాల్లో ఒకటిగా లెక్కించడానికి ఆ మాట కూడా ఆధారమైంది. పౌలు అక్కడ చెబుతున్న మర్మం క్రీస్తునూ సంఘాన్నీ గురించినదని 1520లో లూథర్ వాదించాడు. వివాహం లోకారంభం నుంచీ ఉంది, అవిశ్వాసుల్లోనూ ఉంది, కనుక అది సంస్కారం కాదన్నాడు. అలాగని దాన్ని చులకన చేయలేదు. అది దేవుడే నియమించిన జీవితమన్నాడు. బిడ్డ మురికిగుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా, విశ్వాసంతో చేసే ఆ పనికి దేవుడు దూతలతో కలిసి సంతోషిస్తాడని 1522లో రాశాడు. అప్పటికి ఆయన ఇంకా బ్రహ్మచారే!

1523 ఈస్టర్ వేళ నింబ్షెన్ మఠం నుంచి 12 మంది సన్యాసినులు తప్పించుకున్నారు. టోర్గావ్ వ్యాపారి లెనార్డ్ కోప్ వారిని తన బండిలో దాటించాడు. వారిలో తొమ్మిది మంది విట్టెన్‌బర్గ్ చేరితే, వారికి పెళ్లి సంబంధాలో, ఆశ్రయమో చూసే భారం లూథర్‌పై పడింది. చివరికి కేథరీన్ వాన్ బోరా ఒక్కతే మిగిలింది. 1525 జూన్ 13న లూథర్ ఆమెను పెళ్లాడాడు. ఆయనకు 41, ఆమెకు 26 ఏళ్లు. రైతుల తిరుగుబాటుతో దేశం రక్తసిక్తమైన రోజులవి. విరోధులు ఎగతాళి చేశారు. ప్రియమిత్రుడు మెలాంక్తన్ సైతం నొచ్చుకున్నాడు.

ఒకప్పటి మఠమే వారి ఇల్లయింది. తోట, పశువులు, చేపల చెరువు, వచ్చిపోయే విద్యార్థుల భోజనాలు అన్నీ కేథరీనే చూసుకుంది. 1527లో ప్లేగు వస్తే ఆ ఇల్లే ఆసుపత్రి అయింది. ఆరుగురు పిల్లల్లో ఎలిజబెత్ పసితనంలోనే పోయింది. 13 ఏళ్ల మగ్దలేనా 1542లో తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. పునరుత్థానాన్ని బోధించిన ఆ భక్తుడు మామూలు తండ్రిలా విలపించాడు.

ఆయన తప్పునూ మనం దాచకూడదు. సంస్కరణకు అండగా నిలిచిన పాలకుడు హెస్సే ఫిలిప్, భార్య బతికుండగానే మరో పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. 1539లో లూథర్, మెలాంక్తన్ రహస్యంగా అందుకు సమ్మతించారు. మరుసటి ఏడాది ఆ సంగతి బయటపడి, సంస్కరణకే మచ్చ తెచ్చింది. గొప్పవారి అవసరం కోసం వాక్యాన్ని వంచితే ఏం జరుగుతుందో ఇది మనకు హెచ్చరిక.

ఆనాటి ఆచారానికి భిన్నంగా లూథర్ 1542లోనే తన వీలునామాలో భార్యను వారసురాలిగా రాశాడు. ఆయన 1546 ఫిబ్రవరి 18న మరణించాడు. ఆ తర్వాత యుద్ధాల వల్ల ఎన్నో కష్టాలు పడిన కేథరీన్ 1552 డిసెంబర్ 20న టోర్గావ్‌లో ప్రభువు సన్నిధికి చేరింది.

పరిశుద్ధత కోసం లూథర్ ఇల్లు వదిలి మఠానికి పరుగెత్తాడు. దేవుడు ఆ మఠాన్నే ఆయనకు ఇల్లుగా మార్చి, అక్కడే సేవ నేర్పాడు. మరి మనమో? ఆదివారం ఆరాధనలో చేతులెత్తి స్తుతించి, సోమవారం అవే చేతులను భార్యపై ఎత్తితే అది ఏపాటి భక్తి? పరిచర్య పేరిట ఊరూరా తిరుగుతూ ఇంట్లో రోగంతో ఉన్నవారికి గ్లాసెడు నీళ్లివ్వకపోతే అది ఎవరి సేవ? క్రీస్తు సంఘం కోసం తన్నుతాను అప్పగించుకున్నాడు. ఆ ప్రేమ ముందుగా కనిపించాల్సింది మన వంటింట్లో, మన పిల్లల మంచం పక్కన. ప్రభువు మన ఇళ్లకు అట్టి కృప దయచేయును గాక!