మోషే చేతులు ఎత్తిపట్టినవారు

అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోవైపు నిలిచి ఎత్తిపట్టారు (నిర్గమ 17:12). విలియం విల్బర్‌ఫోర్స్ జీవితమూ అలాంటిదే. 1759లో ఇంగ్లండ్‌లోని హల్ పట్టణంలో సంపన్న వర్తకుని ఇంట పుట్టి, 21 ఏళ్లకే పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1785లో మారుమనస్సు పొందాక రాజకీయాలు వదిలేద్దామనుకున్నాడు. ఒకప్పుడు బానిసల ఓడ నడిపి, తర్వాత పాదిరి అయిన జాన్ న్యూటన్, అక్కడే ఉండి దేవుణ్ణి సేవించమన్నాడు.

ఆఫ్రికా ప్రజలను గొలుసులతో కట్టి అమ్మే వ్యాపారాన్ని ఆపాలని ఆయన తెచ్చిన ప్రతిపాదన 1791లో 163–88 ఓట్లతో వీగిపోయింది. తర్వాతా ఓటములే, పైగా అనారోగ్యం. ఆయన చేతులు వాలిపోకుండా మిత్రులు నిలబెట్టారు. థామస్ క్లార్క్‌సన్ 7 ఏళ్లలో గుర్రంపై 35 వేల మైళ్లు తిరిగి సాక్ష్యాలు సేకరించాడు. బానిసగా బతికి, సొమ్ము కట్టి విడుదలైన ఒలాడా ఈక్వియానో తన కథను పుస్తకంగా రాసి ఊరూరా తిరిగాడు. 1807లో బానిస వ్యాపారం నిషిద్ధమైంది. 1833 జులైలో బానిసత్వ రద్దు బిల్లు గట్టెక్కడం ఖాయమని తెలిసిన 3 రోజులకు విల్బర్‌ఫోర్స్ ప్రభువునందు నిద్రించాడు.

1799లో ఆయనా మిత్రులూ కలిసి స్థాపించిన చర్చి మిషనరీ సొసైటీయే తర్వాత భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో కోయల మధ్య సువార్త పరిచర్య చేసింది. వెట్టిని మన దేశం 1976లో చట్టంతో రద్దు చేసినా, అప్పు పేరుతో కూలీలను కట్టిపడేయడం ఆగలేదు. మన అడవి అంచు పల్లెల్లో అలాంటి కుటుంబం కనబడితే జాలిపడి ఊరుకోకూడదు. ప్రార్థించేవారు, కలెక్టరుకు ఫిర్యాదు చేసేవారు, విడుదలైనవారికి అన్నం పెట్టేవారు, పిల్లలను బడిలో చేర్చేవారు అందరూ కావాలి. సంఘమంటే అదే.