సుబ్బరామ దీక్షితులు: తాను వినని పాటలకు స్వరం రాసిన మనిషి

ముత్తుస్వామి దీక్షితులు 1835లో తమిళనాట ఎట్టయపురంలో కన్నుమూశారు. ఆయన కృతులకు సంగీతకారులు నేటికీ ప్రమాణంగా చూసే పుస్తకం రాసిన సుబ్బరామ దీక్షితులు పుట్టింది 1839లో. ఆ వాగ్గేయకారుడి గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. ముత్తుస్వామి చిన్న తమ్ముడు బాలస్వామి దీక్షితుల దగ్గర నేర్చుకున్నదే ఆయన ఆస్తి. బాలస్వామి ఆయనకు తల్లి తండ్రి. మనవణ్ణే దత్తత తీసుకుని కొడుకుగా పెంచారు. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడి స్థానం కూడా అలాగే దక్కింది.

ఈ సంగీతాన్ని అచ్చులో పెట్టాలన్న పట్టుదల మాత్రం ఆయనది కాదు, చిన్నస్వామి ముదలియార్‌ది. మద్రాసు సచివాలయ ఉద్యోగి, క్రైస్తవుడు అయిన ముదలియార్ 1890లలో కర్ణాటక సంగీతాన్ని పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో ప్రచురించడం మొదలుపెట్టారు. ఆ పనిమీదే సుబ్బరామ దీక్షితులను వెతుక్కుంటూ వెళ్లారు. ఆరోగ్యం దెబ్బతిన్నాక, 1899లో ఎట్టయపురం జమీందారును ఆశ్రయించి, దీక్షితులతోనే పుస్తకం రాయించమని కోరారు. దీక్షితులు మొదట వెనకాడారు. తరతరాలుగా ఇంట్లో దాచుకున్న విద్యను బజారులో పెట్టడమంటే ఎవరికైనా అంత తేలిక కాదు. చివరికి ప్రభువు మాట కాదనలేకపోయారు.

అసలు చిక్కు అక్కడి నుంచే. స రి గ మ అని రాస్తే స్వరం తెలుస్తుంది కానీ, అది ఎలా ఊగాలో తెలియదు. ఒకే స్వరాన్ని ఒక రాగంలో కదిలిస్తారు, మరో రాగంలో నిలబెడతారు. అందుకని కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, స్ఫురితం, నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒక్కోదానికీ ఒక్కో గుర్తు పెట్టి స్వరాలకు తగిలించారు. వైణికుడు కాబట్టి తంతి మీద వేలు ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. ఆ గుర్తులన్నిటినీ అచ్చు అక్షరాల పక్కన కూర్చడం ఆ రోజుల్లో ఎంత పనో ఊహించుకోవచ్చు.

1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాల నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. తమిళ దేశంలో అచ్చయినా లిపి తెలుగే. అక్కడి సంగీతకారులకు అప్పట్లో తెలుగు రాకపోతే గడిచేది కాదు. 1700 పేజీలకు పైబడిన ఆ గ్రంథంలో ముత్తుస్వామి కృతులే 229. అదే ఏడాది దక్షిణాది పర్యటనకు వచ్చిన విష్ణు నారాయణ భాత్‌ఖండే ఎట్టయపురం వెళ్లి ఆయన్ను కలిశారు. హిందుస్తానీ సంగీతాన్ని కాగితం మీదికి తెచ్చే పనిలో ఉన్నవారాయన.

పుస్తకంలోని కొన్ని రాగాల రూపం నేటి కచేరీల్లో వినిపించేదానికి భిన్నంగా ఉంటుంది. ఏది సరైనదన్న వాదన విద్వాంసుల మధ్య ఇంకా తెగలేదు.

1905లో సంగీతం కొత్తగా నేర్చుకునేవారి కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ కూడా తెచ్చారు. 1906లో మరణించారు. ముత్తుస్వామి తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగాల్లో కట్టిన రాగతాళమాలికలో ఆయన అచ్చు వేయించగలిగింది 61 రాగాల వరకే. మిగతా భాగం ఇప్పటికీ దొరకలేదు.