సేవామూర్తి ఫ్లోరెన్స్ నైటింగేల్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ముప్పై ఏళ్ళకు పైగా నర్సు ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరే తట్టింది. దీపం పట్టుకుని రాత్రిపూట రోగుల మధ్య తిరిగిన తల్లిగా ఆమె అందరికీ తెలుసు. నర్సింగ్ స్కూలులో మేము కూడా దీపం చేతబట్టే ప్రమాణం చేశాం. అయితే బొమ్మల్లో వేసే ప్రమిద వంటి దీపం కాదు ఆమె వాడినది, మడతలు పడే తుర్కీ లాంతరు. అసలు ఆమె గొప్పతనం ఆ దీపంలో కంటే ఆమె వ్రాసిపెట్టుకున్న లెక్కల్లో ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా కలిగినవారు. తండ్రే దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. గణితమంటే ఆమెకు ప్రాణం. నర్సునవుతానంటే మాత్రం ఇంటిల్లిపాదీ అడ్డుపడ్డారు. ఆ రోజుల్లో ఆసుపత్రి చాకిరీ పరువుగల ఇంటి ఆడపిల్లలు చేసే పని కాదు. (మా తరంలో కూడా ఈ ఉద్యోగంలో చేరతామంటే పెళ్ళి కాదేమోనని ఇళ్ళలో బెంగపడేవారు.) ఆమె పట్టు విడవలేదు. వచ్చిన సంబంధం కాదనుకుని 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందారు. 1853లో లండనులో ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంటు అయ్యారు.

మరుసటి ఏడు క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికుల దుస్థితి పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం కోరగా 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని 1854 నవంబరులో తుర్కీలోని స్కుటారి ఆసుపత్రికి చేరారు. అది సైనికుల బారకాసు, ఆసుపత్రిగా కట్టినది కాదు. కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. కట్టు కట్టడానికి శుభ్రమైన గుడ్డ లేదు. దుప్పట్లు ఉతికే దిక్కు లేదు. ఆమె బట్టలుతికించే ఏర్పాటు చేశారు, వంటశాలను బాగుచేయించారు, నేల కడిగించారు. ఇంత చేసినా చావులు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో మరణాలు నూటికి 42 వరకు వెళ్ళాయి. మార్చిలో ఇంగ్లండు నుంచి శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు కడిగించి, గాలి ఆడే ఏర్పాటు చేసింది. జూను నాటికి ఆ సంఖ్య 2కు దగ్గరగా దిగింది. చనిపోయినవారిలో ఎక్కువమందిని తీసుకుపోయినవి తుపాకీ గాయాలు కావు, కలరా, విరేచనాలు, విషజ్వరాలు.

1856లో ఆమె ఇంగ్లండు తిరిగి వచ్చేసరికి దేశమంతా జేజేలు కొట్టింది. ఇంకొకరైతే సన్మానాలు చేయించుకుని కూర్చునేవారు. ఆమె విలియం ఫార్ అనే గణాంక నిపుణునితో కలిసి చావుల లెక్కలు ముందు వేసుకుని కూర్చున్నారు. యుద్ధం జరిగే రోజుల్లో, సైనికులు తిండిలేక, చలికి కృశించి, ఆలస్యంగా తమ దగ్గరకు చేరుతున్నందువల్ల పోతున్నారని ఆమె అనుకునేవారు. లెక్కలు వేరే కథ చెప్పాయి. తాను రాత్రింబవళ్ళు నడిపిన ఆసుపత్రి కట్టడమే ఎందరినో పొట్టన పెట్టుకున్నదని తేలింది. ఆ నిజాన్ని ఆమె దాచలేదు. రంగుల పటాలుగా గీసి, ఏ నెలలో ఎందరు దేనివల్ల పోయారో పాలకుల కళ్ళకు కట్టించారు. చేసిన పనిని వెనక్కు తిరిగి చూసుకోవడమంటే ఇదే. మన ఉద్యోగాల్లో ఫైలు మూసి పెట్టేసిన తరువాత దాన్ని మళ్ళీ తెరిచి చూసేవారు ఎందరుంటారు?

1859లో వెలువడిన ఆమె నర్సింగ్ పుస్తకంలో పుండు మానడం గురించిన మాట ఒకటి నాకు ఉద్యోగమంతా పనికివచ్చింది. డాక్టరు తూటాను తీస్తాడు, అంటే మానడానికి అడ్డున్న దాన్ని తొలగిస్తాడు. గాయాన్ని మాన్పేది ప్రకృతి. ఆ ప్రకృతి పని సాగేటట్లు రోగిని ఉంచడమే నర్సు పని అన్నది ఆమె భావం.

వెలిగండ్లలో ఉన్నప్పుడు ఒక గొర్రెల కాపరి మడమలో చిల్లచెట్టు ముల్లు దిగి పుండై వచ్చాడు. ముల్లు తీశారు, మందులు ఇచ్చారు, నేను రోజు మార్చి రోజు కట్టు మార్చేదాన్ని. మూడు వారాలైనా చీము ఆగలేదు. డ్యూటీ అయ్యాక ఏ పుండు ఎలా ఉందో నోటుబుక్కులో వ్రాసుకోవడం నా అలవాటు. ఆ పేజీలు తిరగేస్తే, కట్టు మార్చిన ప్రతిసారీ గాజుగుడ్డ తడిసి, మట్టి వాసనతో ఉన్నట్లు కనపడింది. అడిగితే విషయం బయటపడింది. మంచినీళ్ళు చాలా దూరం నుంచి మోసుకురావాలి గనుక, కాళ్ళు మాత్రం గొర్రెలు తాగే తొట్టిలో కడుక్కుంటున్నాడు. అతని భార్యను పిలిచి, రోజుకొక చెంబు నీళ్ళు కాచి చల్లార్చి ఆ కాలికని విడిగా ఉంచమన్నాను. మందు మారలేదు, నీళ్ళు మారాయి. పుండు మానింది.

1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సింగ్ స్కూలు వచ్చింది. అక్కడి విద్యార్థినులు వార్డులో చేసిన పనిని డైరీలో వ్రాయాలి. వాటిని పెద్దలు చూసేవారు. మా రిపోర్టు బుక్కులకు అది పూర్వీకురాలు అనుకోవచ్చు. ఆమె చెప్పినవన్నీ సరైనవని కాదు. క్రిముల వల్ల రోగాలు వస్తాయన్న సిద్ధాంతాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు, దుర్గంధపు గాలినే తప్పుపట్టారు. తరువాతి కాలంలో క్రిమిసంహారక పద్ధతులను తానే నేర్పమన్నారు.

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి లెక్కలు తెప్పించుకుని చూశారు. భారతదేశంలోని తెల్ల సైనికులు ఏటా వెయ్యికి 69 మంది పోతున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక చెప్పింది. దాని వెనుక ఉన్న శ్రమలో చాలా భాగం ఆమెది. అక్కడినుంచి ఆమె చూపు సైనికులను దాటి మన పల్లెల వైపు మళ్ళింది. 1876-78 నాటి ధాత కరువు నెల్లూరు, కర్నూలు జిల్లాలను, అంటే ఇప్పటి మన కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కూడా పీల్చి పిప్పి చేసింది. ఆ రోజుల్లో కాలువలు తవ్వించండి, నీళ్ళివ్వండి అని ఆమె పత్రికల్లో వ్రాశారు, మంత్రులకు ఉత్తరాలు వ్రాశారు. ఈ విషయంలో ఆమెకు తోడు మన గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్. నీళ్ళు లేనిచోట శుభ్రత ఎలా వస్తుందన్నది ఆమె ప్రశ్న. మా ప్రాంతం వారికి అది వేరే చెప్పనక్కరలేదు.

పెన్షనర్లు గమనించవలసిన సంగతి మరొకటి. యుద్ధం నుంచి తెచ్చుకున్న జబ్బుతో 37వ ఏట నుంచి ఆమె చాలాకాలం గదికీ మంచానికీ పరిమితమయ్యారు. పైన చెప్పిన పనులన్నీ అక్కడినుంచే చేశారు. మంచాన పడిన రోగికి పడకపుండు వస్తే చాలావరకు అది రోగం తప్పు కాదు, చూసుకునేవారి తప్పేనని ఆమె నిక్కచ్చిగా వ్రాశారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మంచాన పడితే రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, పక్కబట్ట ముడతలు లేకుండా, ఒళ్ళు తడి లేకుండా చూడాలి. వీపు కింద, పిరుదులు, మడమలు రోజూ పరీక్షించాలి. ఒకప్పుడు ఎర్రబడిన చోట స్పిరిటు రాసి రుద్దేవారు. అలా రుద్దకూడదని ఇప్పుడు చెబుతున్నారు. షుగరున్నవారు రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండుమీద కాఫీపొడి, సున్నం వేయవద్దు.

వృద్ధాప్యంలో ఆమెకు చూపు పోయింది. 1907లో బ్రిటిష్ రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న తొంభయ్యో ఏట కన్నుమూశారు. రాజులను, మహాకవులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేస్తామంటే, ఆమె కోరిక ప్రకారం కుటుంబంవారు వద్దన్నారు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో చర్చి ఆవరణలో తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. సమాధి రాతిమీద ఆమె పేరు పూర్తిగా లేదు. పొడి అక్షరాలు రెండు, పుట్టిన, పోయిన సంవత్సరాలు ఉన్నాయి.