జమాఖర్చుల నడుమ దేవుణ్ణి వెతికిన ఇల్లాలు: హాంబర్గ్ గ్లికెల్

ఈసారి మనవాళ్ళ సంగతి కాకుండా మూడు వందల ఏళ్ళ కిందటి ఒక యూదు ఇల్లాలి జీవితం రాస్తున్నాను. జర్మన్ దేశంలో పుట్టి, బయట ఒక భాష, ఇంట్లో ఒక భాషగా బతికిన మనిషి. తన కథను ఇంటి భాషలోనే, అంటే యిడ్డిష్‌లో, హీబ్రూ అక్షరాలతో రాసుకుంది. బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడి, ఇంటికొచ్చి చెప్పులు విడవగానే తెలుగులోకి దిగే మనకు ఆమె పరాయిదిగా అనిపించదు.

ఆమె పేరు గ్లికెల్. 1646 చివర్లోనో 1647లోనో హాంబర్గ్‌లో పుట్టింది. తండ్రి రత్నాల వ్యాపారి. ఆమెకు మూడేళ్ళు నిండీ నిండకముందే జర్మన్ యూదులందరినీ ఆ ఊరి నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు పక్కనే డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉన్న ఆల్టోనాలో తలదాచుకున్నారు. పొట్టకూటికి మాత్రం రోజూ హాంబర్గ్ వెళ్ళాల్సిందే. దానికి రుసుము కట్టి గడువు చీటీ తీసుకోవాలి. చీటీ కొనే స్తోమత లేనివాళ్ళు దొంగచాటుగా వెళ్ళేవారు, పట్టుబడితే జైలు. తెల్లవారి ప్రార్థన చేసుకుని బయలుదేరిన మగవాళ్ళు సాయంత్రం దెబ్బలు తినకుండా ఇల్లు చేరితే ఆ రోజుకు అదే పండుగ. 1657లో స్వీడన్ సైన్యం ఆల్టోనా మీదికి వచ్చినప్పుడు వీళ్ళంతా మళ్ళీ హాంబర్గ్‌కే పరుగెత్తారు.

దేవుడి చూపు సముద్రాలు చీల్చడం లాంటి పెద్ద ఘటనల మీదే కాదు, ఒక్కొక్క మనిషి ఒక్కొక్క రోజు మీదా ఉంటుందని యూదులు నమ్ముతారు. హీబ్రూలో ఆ మాట హష్గహా. అది ఎంతవరకు వ్యాపిస్తుందని పండితులు శతాబ్దాలుగా వాదించుకున్నారు. గ్లికెల్ పండితురాలు కాదు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, అప్పులు, సంతల మధ్యనే ఆ చూపు కోసం వెతికింది. కొన్నిచోట్ల కనబడిందని సంతోషించింది. కొన్నిచోట్ల ఎంత వెతికినా దొరకలేదు. నాకు ఆమె మీద గౌరవం కలిగింది ఈ రెండో సంగతి వల్లే.

పన్నెండేళ్ళకు నిశ్చితార్థం, పద్నాలుగేళ్ళకు పెళ్ళి. వరుడు హామెలిన్ అనే చిన్న ఊరి హాయిమ్. పెళ్ళికూతురి తల్లి తమ హోదాకు తగ్గ బగ్గీలు ఎదురు వస్తాయనుకుంటే, వియ్యాలవారు పల్లెటూరి సరుకుల బండ్లు పంపారు. ఆవిడ అలిగింది. మామగారు నెమ్మదస్తుడు, మంచి మాటలతో అలక తీర్చాడు. ఏడాది అత్తవారింట ఉండి, దంపతులు హాంబర్గ్ చేరారు. హాయిమ్ వీధి వీధీ తిరిగి పాత బంగారం కొని కంసాలులకూ వర్తకులకూ అమ్మేవారు. తరువాత ముత్యాల వ్యాపారం. ఎంత తిరుగుడులో ఉన్నా రోజుకు నియమించుకున్న ధర్మశాస్త్ర పాఠం చదవకుండా పడుకునేవారు కారట.

మొదటి కాన్పు సంగతి ఆమె ఎంతో సరదాగా రాసుకుంది. కూతురు, తల్లి దాదాపు ఒకేసారి ప్రసవించి ఒకే గదిలో పురుడు ఉన్నారు. మన పాత పెద్ద కుటుంబాలలోనూ ఇలాంటివి విన్నవే. ఒక రాత్రి గ్లికెల్ లేచి చూస్తే ఉయ్యాలలో బిడ్డ లేదు. పొరపాటున అమ్మ పక్కలోకి చేరింది. ఎవరి బిడ్డ ఎవరిదని ఇద్దరి మధ్యా పెద్ద గలాటా, ఇల్లంతా లేచింది.

ఆ బిడ్డే సిప్పోరా. నాలుగేళ్ళ వయసులో ఆమె మీదికి అసలు పరీక్ష వచ్చింది. ప్లేగు భయానికి దంపతులు పిల్లలతో హామెలిన్‌కు బయలుదేరి దారిలో హానోవర్‌లో ఆగారు. అక్కడ పాప చంకలో గడ్డ కనిపించింది. ఊరు ఊరంతా బెదిరింది. పెద్దలు నిర్ణయించి పాపకు చిరుగు బట్టలు తొడిగి, పనిమనిషిని తోడిచ్చి, పొరుగు పల్లెకు పంపేశారు. తల్లిదండ్రులు దూరం నుంచి చూడవచ్చు గాని తాకకూడదు. పండుగ రోజులు. గుడిలో అందరూ ప్రార్థన చేస్తుంటే ఈ తల్లి ఏం ప్రార్థించి ఉంటుందో ఆలోచించండి. చివరకు అది ప్లేగు కాదు, మామూలు గడ్డ అని తేలింది. పాప గంతులు వేస్తూ తిరిగొచ్చింది. ఆ పాపే 1674లో క్లీవ్స్ నగరంలో గొప్పింటి కోడలైంది. ఆ పెళ్ళికి ముందుముందు ప్రష్యా రాజు కాబోయే కుమారుడు కూడా వచ్చాడు. రాచవారు వచ్చిన హడావుడిలో పెళ్ళి ఒప్పంద పత్రం రాయడమే మరిచిపోయారు. గుమాస్తాగా పనిచేసిన నాకు ఈ సంగతి చదివి నవ్వు ఆగలేదు.

1665, 66 సంవత్సరాలలో షబ్బతాయ్ జెవి అనే ఆయన తానే మెస్సయ్యనని ప్రకటించుకున్నాడు. యూదు లోకమంతా ఊగిపోయింది. ఇక పుణ్యభూమికి ప్రయాణమే అని గ్లికెల్ మామగారు ఇల్లు వదిలి, రెండు పెద్ద పీపాల నిండా బట్టలు, ఎండు పప్పులు, ఎండు మాంసం సర్ది హాంబర్గ్‌కు పంపాడు. ఓడ ఎక్కడమే తరువాయి. ఆ షబ్బతాయ్ కాస్తా సుల్తాను ఎదుట మతం మార్చుకున్నాడు. పీపాలు మాత్రం కోడలి ఇంట్లోనే ఉండిపోయాయి. తిండి పదార్థాలు కుళ్ళి బట్టలు పాడవుతాయని కొన్నాళ్ళకు వాటిని తీసేశారు. ఆ ముసలాయన ఆశను ఆమె ఎక్కడా ఎగతాళి చేయలేదు.

1687 నాటి హత్య కేసు ఆమె పుస్తకంలో ఒళ్ళు జలదరించే భాగం. హాంబర్గ్‌లో ఇద్దరు యూదు వ్యాపారులు వేర్వేరు కాలాల్లో మాయమయ్యారు. ఎవరికీ ఆచూకీ లేదు. రెబెక్కా అనే ఇల్లాలికి ఒక రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున కిటికీ దగ్గర నిలబడితే, ఒక మనిషి భార్యతో కలిసి పెట్టెతో ఊరు దాటిపోవడం కనిపించింది. హంతకుడు వాడేనని ఆమె పట్టుబట్టింది. భర్తతో సహా ఎవరూ మొదట నమ్మలేదు. నగరాధికారుల హెచ్చరికలనూ లెక్కచేయకుండా వెంటపడి పనిమనిషి చేత నిజం చెప్పించింది. ఇంట్లో తవ్వించాలి. వీధిలో జనం గుంపులుగా పోగయ్యారు. శవం దొరకకపోతే యూదుల ఇళ్ళన్నీ ఆ గుంపుకు బలి అయ్యేవి. దొరికింది. హంతకుడికి మరణశిక్ష పడింది. ఒక ఆడమనిషికి నిద్ర పట్టకపోవడంలో దేవుడి చెయ్యి ఉందని గ్లికెల్ నమ్మింది. నమ్మినా నమ్మకపోయినా, రెబెక్కా మొండితనాన్ని మాత్రం మనం లెక్కలో వేయాలి.

1689 జనవరిలో పిడుగు పడింది. హాయిమ్ వ్యాపారం పనిమీద నడిచిపోతూ పదునైన రాయి మీద పడ్డారు. లోపలి దెబ్బ. కొద్ది రోజుల్లో కన్నుమూశారు. అవసాన సమయంలో ఆయనను పట్టుకోవాలని ఆమెకు ఉంది. కాని నెలసరి నియమాల ప్రకారం ఆమె ఇంకా స్నానం చేసి శుద్ధి కాలేదు. కొంచెం ఆగమన్నారు ఆయన. ఆ కొంచెం మళ్ళీ రాలేదు. వీలునామా సంగతి అడిగితే, భార్యకు అంతా తెలుసని చెప్పారు.

నిజంగానే ఆమెకు అంతా తెలుసు. పన్నెండు మంది బిడ్డలు, వారిలో ఎనిమిది మందికి ఇంకా పెళ్ళి కాలేదు. నెత్తిన 20,000 రైఖ్‌స్టాలర్ల అప్పు. సరుకు వేలం వేసి పైసలతో సహా తీర్చేసింది. మేజోళ్ళ కార్ఖానా పెట్టింది. హాలండ్ సరుకు తెప్పించి అమ్మింది. చలిలో వానలో సంతలకు తిరిగింది. బెర్లిన్‌లో దివాలా తీసిన కొడుకు లైబ్ అప్పులు కూడా తానే మోసింది. 1691లో రాత్రుళ్ళు నిద్ర పట్టక, దిగులు తట్టుకోలేక కలం పట్టింది. అదే ఆమె జ్ఞాపకాల మొదలు.

పుణ్యభూమికి వెళ్ళి ప్రాణం వదలాలని కోరిక. కాని బిడ్డలకు భారం కాకూడదని 1700లో ఫ్రాన్స్ ఏలుబడిలోని మెట్జ్ నగరపు సంపన్నుడు హిర్ష్ లెవీని పెళ్ళాడింది. రెండేళ్ళు తిరగకముందే ఆయన దివాలా తీశారు. ముప్పై ఏళ్ళు కూడబెట్టింది పోయింది. పుణ్యభూమికి పోనందుకు ఇది శిక్ష అని తనను తానే తిట్టుకుంది. ఇక్కడ నేను ఆమెతో ఏకీభవించను. లెక్కల్లో తప్పు ఆయనది, శిక్ష ఆమెకా? అయినా 1712లో ఆయన పోయేదాకా పల్లెత్తు మాట అనకుండా సంసారం చేసింది. పంతం పట్టి చాలాకాలం ఒంటిగా ఉండి, 1715లో కూతురు ఎస్తేర్ ఇంటికి చేరింది.

ఆ ఏడే మెట్జ్ సమాజ మందిరంలో షవువోత్ పండుగనాడు పైకప్పు విరిగినట్టు ఏదో శబ్దం వినిపించింది. ఆడవాళ్ళ మేడ మీద నుంచి ఒక్కసారిగా తొక్కిసలాట. ఆరుగురు స్త్రీలు చనిపోయారు. కప్పు మాత్రం చెక్కుచెదరలేదు. ఎస్తేర్ కూడా ఆ తోపులాటలో చిక్కి బయటపడింది. కూతురు బతికినందుకు కృతజ్ఞత చెప్పుకున్న కలంతోనే, పోయిన వాళ్ళు ఏం పాపం చేశారని అడిగింది. అంతకు ముందు ఒక పండుగలో ఆడవాళ్ళు మందిరంలోనే తలగుడ్డలు లాక్కుని కొట్టుకున్నారని, దానికి ఫలమేమోనని ఒక కారణం వెతికింది. అది ఆమెకే పూర్తిగా తృప్తి ఇచ్చినట్టు కనిపించదు.

ఆమె చేతిరాత ప్రతి నిలవలేదు. రబ్బీ అయిన కొడుకు మోషే చేసిన నకలు వల్ల కథ బతికింది. 1896లో డేవిడ్ కౌఫ్‌మన్ యిడ్డిష్‌లో అచ్చు వేయించారు. 1910లో ఆమె బంధువర్గంలోనే పుట్టిన బెర్తా పాపెన్‌హైమ్ జర్మన్‌లోకి తెచ్చారు. ఇంటి భాషలో పిల్లల కోసం రాసుకున్న కాగితాలు రెండు వందల ఏళ్ళ తరువాత చరిత్రకారుల చేతికి వచ్చాయి.

గ్లికెల్ 1724 సెప్టెంబరులో, యూదుల సంవత్సరాది రెండో రోజున మెట్జ్‌లో మరణించింది. పుస్తకంలో చివరి సంగతి 1719 నాటిది. రాత్రివేళ మోజెల్ నది ఒడ్డున ఒకామె గిన్నెలు తోముకుంటోంది. ఉన్నట్టుండి ఆకాశం తెరుచుకుని పట్టపగలంత వెలుగు వచ్చింది, మళ్ళీ మూసుకుపోయింది. అది దేనికి సూచనో గ్లికెల్ రాయలేదు. మంచికే కావాలని కోరుకుని కలం పెట్టేసింది.